పట్టీకి నేర్పిన అబద్ధం

కత్తెరక్క చేతిలో పడితే గడ్డిపరకలాంటి జుట్టు కూడా చెప్పిన మాట వింటుందని పార్లర్లో పేరు. ఆవిడ సొంత జుట్టు మాత్రం ఎప్పుడూ రుమాలు కిందే ఉండేది. టీవీ ముందు కూర్చుంటే చాలు, కుడిచెయ్యి తనంతట తనే రుమాలు కిందికి దూరి, నడినెత్తికి పాకి, ఒక్కో వెంట్రుకా తడిమి, నచ్చినదాన్ని పీకేది. నొప్పి ఉండేది కాదు. అసలేమీ ఉండేది కాదు. సీరియల్ అయ్యాక ఒళ్ళో చూసుకుంటేనే తెలిసేది. అలా పీకీ పీకీ నడినెత్తిన అరచేతంత బోడి అయింది. అది బయటపడితే పార్లర్లో కుర్చీ దక్కదు. నెత్తి బోసిపోయినావిడ చేతికి ఎవరు తల అప్పగిస్తారు?

పక్కవీధిలో ఉండే చెల్లెలు సోఫా నిండా వెంట్రుకలు చూసి ఓ చేతిపట్టీ తెచ్చింది. చెయ్యి ఆ పనికి లేచినప్పుడల్లా జుయ్యిమని వణికి హెచ్చరిస్తుందట.

"ముందు దానికి నేర్పాలక్కా. ఎలా పీకుతావో నాలుగైదుసార్లు చేసి చూపించు."

"నీ ముందా?"

"నా ముందు కాకపోతే ఎదురింటాయన ముందు చేస్తావా? ఊ, కానివ్వు."

కత్తెరక్కకి చెవులు వేడెక్కాయి. చెయ్యెత్తి రుమాలు ముడి సర్దుకుంది. మళ్ళీ సర్దుకుంది. "ఇలాగే లేస్తుంది చెయ్యి," అంది. పట్టీ పాపం నమ్మేసింది. చెల్లెలూ నమ్మేసింది.

ఇక చూడండి తమాషా. ఇంట్లో టీవీ ముందు చెయ్యి తన పని తాను చేసుకుపోతుంటే పట్టీ ఉలకదు, పలకదు. పార్లర్లో రుమాలు సర్దుకోబోతే మాత్రం జుయ్యిమంటుంది. కుర్చీలో ఉన్నవాళ్ళు తమ ఫోనే అనుకుని సంచులు తడుముకునేవారు. ఆ పోరు పడలేక కత్తెరక్క రుమాలు సర్దుకోవడమే మానేసింది.

పట్టీ ఎన్నిసార్లు మోగిందో చెల్లెలు తన ఫోన్లో లెక్క చూసి మురిసిపోయింది. "ఇవాళ ఒక్కసారి కూడా మోగలేదే! అలవాటు వదిలిందక్కా!"

యంత్రమే అంటుంటే మనకెందుకని కత్తెరక్క ఊరుకుంది.

సర్దని రుమాలు ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఓ మధ్యాహ్నం ఒకావిడ మెడ మీదకి వంగి కత్తిరిస్తుండగా జారి కిందపడింది. అద్దంలో ఆవిడ చూసింది, వెనక నిలబడ్డ యజమానురాలు చూసింది, కత్తెరక్కా చూసుకుంది.

"ఈ వైపు కాస్త పొడుగ్గా ఉన్నట్టుందండీ," అంది ఆవిడ, గోడకేసి చూస్తూ.

కత్తెరక్క ఆ వైపు కత్తిరించింది.

పార్లర్ మూసేవేళ యజమానురాలు రంగు సీసాలు సర్దుతున్నట్టు నటిస్తూ అంది: "చూడమ్మా, జుట్టు వచ్చేదాకా వెనకగదిలో తలలు కడుగు. నీ కుర్చీ నీకే ఉంచుతాలే."

"సరే మేడం." ఏడుపొస్తుందేమో అనుకుంది. రాలేదు.

ఇంటికెళ్ళి చెల్లెల్ని పిలిపించింది. ఎదురుగా కూర్చుని రుమాలు విప్పింది. చెల్లెలు ఆ నెత్తి చూసి దగ్గరికి జరిగింది.

"ఈ పట్టీకి నేర్పిందంతా తుడిపెయ్యవే. ఈసారి నిజంగా చూపిస్తాను."

చెయ్యి నెత్తికి పాకింది. తడిమింది. ఒకటి పట్టుకుని పీకింది. పట్టీ మీద చిన్న దీపం వెలిగింది.

"ఇంకోసారి," అంది చెల్లెలు.

కత్తెరక్క చెయ్యి గాల్లోనే ఆగింది.

"టీవీ పెట్టు," అంది. "అది లేకపోతే సరిగ్గా రావట్లేదు."