ఏ మామ దగ్గర?

మా హోంలో పందొమ్మిది మంది మగపిల్లలు. తల్లిదండ్రులు లేనివాళ్ళు, తండ్రి తాగుడులో పడి వదిలేసినవాళ్ళు, పనిలోంచి విడిపించి తెచ్చినవాళ్ళు. పటాన్‌చెరు దాటాక గోదాముల వెనక కిరాయికి తీసుకున్న రెండంతస్తుల ఇల్లు అది. నేను డిప్లొమా చదివి, కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో మూడేళ్ళు ప్రెషర్ గేజీలు సరిచూసే పని చేశాను. ఈ హోం నడిపే మా పాస్టరుగారు అడిగితే ఇక్కడ వార్డెన్‌గా చేరాను.

మొదటి వారంలోనే గోడలకు కాగితాలు అంటించాను. ఐదున్నరకు లేవడం, ఆరుకు ప్రార్థన, ఏడున్నరకు టిఫిన్. ఎవరి సబ్బు ఏ రంగు డబ్బాలో ఉండాలి, ఎవరికి ఏ మందు పడదు, ఎవరి చెప్పుల సైజు ఎంత. ఈ కాగితాలు పిల్లలకు మంచే చేశాయని ఇప్పటికీ అంటాను. గజ్జి పోయింది. బడికి ఆలస్యంగా వెళ్ళడం పోయింది. అయినా వాళ్ళు నన్ను 'సార్' అనేవారు. వంటాయనను 'మామ' అనేవారు.

ఆయనకు యాభై దాటాయి. ఫ్యాక్టరీ క్యాంటీన్లలో వండి వండి మా దగ్గరికి వచ్చాడు. కీర్తనల్లో సగం మాటలు రావు, రాని చోట ఇంకా గట్టిగా రాగం తీస్తాడు. భోజనం ముందు ప్రార్థన ఆయన వంతు వస్తే రెండే ముక్కలు: "ప్రభువా, పప్పు మాడింది. పోరగాండ్లు నన్ను తిట్టకుండ జెర సూడు. ఆమెన్." పిల్లలు పడి పడి నవ్వేవారు. నా వంతు వస్తే బియ్యం ఇచ్చినవారు, దుప్పట్లు పంపినవారు ఒక్కరూ తప్పిపోకుండా అందరినీ తలుచుకునేవాణ్ణి. ఎవరూ నవ్వేవారు కాదు. ఒకరిద్దరు కునుకు తీసేవారు.

అసూయ అనే మాట నేను చాలాకాలం వాడలేదు. క్రమశిక్షణ అన్నాను. పిల్లలు వంటగదిలోకి రాకూడదని ఇంకో కాగితం అంటించాను: వేడి నూనె, గ్యాస్, కత్తులు. మూడు కారణాలూ నిజమైనవే. ఆ సాయంత్రమే వంటాయన బియ్యం చాట పట్టుకుని వరండాలోకి వచ్చి కూర్చున్నాడు.

"పిల్లలు వంటగదిలకు రావద్దని సార్ రాసిండు. అందుకే వంటగదినే బయటికి తెచ్చిన," అన్నాడు.

ఏడెనిమిది మంది చుట్టూ చేరి బియ్యంలో రాళ్ళు ఏరుతూ కబుర్లలో పడ్డారు. బడిలో ఎవరు కొట్టారు, ఎవరికి అమ్మ కలలోకి వచ్చింది, అన్నీ ఆ చాట చుట్టూనే. వారం రోజులు చూసి నేనూ వెళ్ళి కూర్చున్నాను. మాటలు ఆగిపోయాయి. ఒకడైతే లేచి నిలబడ్డాడు.

"కూసోరా," అన్నాడు వంటాయన. "సార్ రాళ్ళు లెక్కవెడ్తందుకు వచ్చిండు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వాళ్ళలో పదకొండేళ్ళవాడు ఒకడుండేవాడు. వాడు మాత్రం నావాడే అనుకునేవాణ్ణి. ఫ్యాన్ విప్పితే మరలను సైజు ప్రకారం వరుసగా పేర్చి అందించేవాడు. ఎండాకాలంలో వాడికి జ్వరం వచ్చింది. గంటగంటకూ థర్మామీటర్ పెట్టి, తడిగుడ్డ వేసి, నూట రెండు నుంచి నూరుకు దించాను. వాడు కళ్ళు తెరిచి, "మామ ఏడి?" అన్నాడు.

"నేనున్న గదరా."

"మీరు ఉన్నరు సార్. మామ ఏడి?"

వాడికి నిజంగానే ఒక మేనమామ ఉన్నాడు, జోగిపేట దగ్గర. తల్లి పోయాక వాణ్ణి బడి మాన్పించి కోళ్ళ ఫారంలో పనికి పెట్టింది ఆయనే. అక్కడి నుంచే వాణ్ణి మా దగ్గరికి తెచ్చారు. ఈ వానాకాలంలో ఆయన, జరిగింది తప్పేనని, ఇకనుంచి చదివిస్తానని రాసిచ్చి పిల్లవాణ్ణి పంపమని అడిగాడు. పిల్లవాడు ఇష్టపడితే సొంతవాళ్ళ దగ్గరికి పంపడం పద్ధతి. ఆ ఇష్టం తెలుసుకోవడానికి జిల్లా బాలల సంరక్షణ ఆఫీసు నుంచి ఒక మేడం వచ్చారు. పాస్టరుగారు ఊళ్ళో లేరు. గదిలో మేడం, వాడు, నేను.

"భయపడకు బిడ్డా. నీకు ఎవల దగ్గర ఉండాలని ఉంది?" అని అడిగారామె.

వాడు ఆలోచించనైనా లేదు. "మామ దగ్గర."

"మామ మంచిగ చూస్తడా? కొట్టడు గదా?"

"మామ ఎందుకు కొడ్తడు మేడం?" వాడు నవ్వాడు. ఆమె కూడా నవ్వి, ఇక వెళ్ళి ఆడుకోమన్నారు.

వాడు చెప్పింది ఏ మామ గురించో నాకు వెంటనే అర్థమైంది. ఆమె ఏ మామ అనుకున్నారో కూడా. కానీ ముందు గుచ్చుకున్నది వేరే. ఎదురుగా నేను కూర్చుని ఉన్నాను. 'ఇక్కడే ఉంటా' అన్నా నాకు సరిపోయేది. వాడు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

మేడం రాయడం మొదలుపెట్టారు. మూడు లైన్లు రాశారు. ఆ మూడు లైన్లసేపూ నేను నోరు విప్పలేదు. వాడు పోతే వంటాయనకు తెలిసొస్తుంది అనుకున్నాను. ఇంత స్పష్టంగా, ఇవే మాటల్లో. కోళ్ళ ఫారం నాకు గుర్తు రాలేదు.

"సాక్షిగా ఇక్కడ సంతకం చేయండి," అని ఆమె కాగితం నా వైపు తిప్పారు.

పెన్ను తీసుకున్నాను. తప్పు చూపిస్తున్న గేజీకి 'సరిగా ఉంది' అని నేను ఏనాడూ సంతకం పెట్టలేదు. చెయ్యి కదలలేదు.

"మేడం, వాడు చెప్పింది జోగిపేట మామ గురించి కాదు."

"మరి ఏ మామ?"

"మా వంటాయన. పిల్లలందరు ఆయన్నే మామ అంటరు."

ఆమె కాగితం వెనక్కి లాక్కున్నారు. "గీ ముచ్చట ముందుగాలనే చెప్పాలె గదా. నేను రాస్తుంటె సూస్కుంట కూసున్నరు."

ఆమె రాసింది కొట్టేసి వాణ్ణి మళ్ళీ పిలిచారు. "జోగిపేట మామ దగ్గరికి పోతవా?" అని ఈసారి విడమరచి అడిగారు. వాడు పోనని కూడా అనలేదు. ఒంగి, రెండు చేతులతో బల్ల కాలు పట్టుకున్నాడు. ఆమె వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడిపించి, "ఈడనే ఉందువులే," అన్నారు.

అప్పుడే చాయ్ తెచ్చిన వంటాయన సంగతి విన్నాడు. "నన్ను మామ అంటె గింత పరేషాన్ ఉందా మేడం? రేపటి సంది చిచ్చా అనుండ్రి రా!" అన్నాడు. మేడం కోసం తెచ్చిన చాయ్ మాత్రం తనే తాగేశాడు.

సాయంత్రం ప్రార్థనలో ఒక్కొక్కరు ఒక్కో స్తోత్రం చెప్పాలి. వాడు లేచి, "మేడం నన్ను ఈడనే ఉంచినందుకు స్తోత్రం. మామను ఇచ్చినందుకు స్తోత్రం," అని కూర్చున్నాడు. వంటాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆపింది నేనేరా అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. అది చెబితే ఆ మూడు లైన్ల సంగతీ చెప్పాలి. అందరితోపాటు ఆమెన్ అన్నాను.