చెట్టు మీదున్న మనిషిని పిలవకూడదు

నాసిక్ దగ్గర ద్రాక్షతోట చూసొచ్చి, "అక్కడ ఒకే ఇంటివాళ్లు తరతరాలుగా ద్రాక్ష పండించి, ఇప్పుడు వైన్ చేస్తున్నారట నానమ్మా, మనకలాంటిది ఏమీ లేదా?" అని ఫోన్‌లో అడిగారు కదా. ఎందుకు లేదు బిడ్డలారా! చివ్వెంల దారిలో కాలువ దాటాక కనిపించే తాటివనం మనదే. నేల మనది కాదు, ఎన్నడూ కాలేదు. ఆ చెట్లెక్కి కల్లు దించే హక్కు మాత్రం మీ తాతయ్య వాళ్ల తాత కాలం నుంచి మన ఇంటిది.

ఆబ్కారీ వాళ్లు ఆ చెట్లకు నంబర్లు వేస్తారు. మన ఇంట్లో వాటికి పేర్లున్నాయి. ఆ సంగతి తెలియక, కోదాడ నుంచి కొత్తకోడలిగా వచ్చిన వారంలోనే ఏడ్చాను. ఎవరో వచ్చి మీ తాతయ్య ఏడని అడిగితే మా అత్తమ్మ, "అలిగినదాని దగ్గరికి వోయిండు, ఇగ జల్దీ రాడు" అంది. ఇంకొకామె ఉందనుకుని నేను పొయ్యి ముందు కూర్చుని ముక్కు చీదుతుంటే అత్తమ్మకు విషయం అర్థమైంది. పడీపడీ నవ్వింది.

"లే, సూపిస్త దా నీ సవతిని" అని చెయ్యి పట్టుకుని వనానికి తీసుకెళ్లింది. అలిగినది అంటే ఒక ఏడు కల్లు ఇచ్చి మరో ఏడు ఇవ్వని చెట్టు. గూనిది, మెల్లది, ఇద్దరక్కలు, అన్నీ చూపించింది. అప్పుడే ఇంకో మాట చెప్పింది. "చెట్టు మీదున్నోన్ని పిలవొద్దు బిడ్డా. పిలిస్తే తల తిప్పుతడు. తల తిప్పితే పట్టు జారుతది. పని వడితే కింద నిలవడి ఖాళీ లొట్టి మీద రాయితోని కొట్టు. ఇన్నోడు పని ఆపి దిగుతడు."

లొట్టి అంటే కల్లు పట్టే కుండ. నా గొంతు ఎలాగూ పక్కగదికి కూడా వినిపించేది కాదు. అందుకని ఆ నియమం నాకు బరువనిపించలేదు.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున నేను సద్ది తీసుకుని వెళ్లేసరికి మీ తాతయ్య గూనిదాని మీద ఉన్నాడు. నా ముందే ఏదో కింద పడింది. చూస్తే, పాదాలు చెట్టుకు పట్టు దొరకడానికి వేసుకునే బంధం. తెగిపోయింది. అది లేకుండా దిగడం కుదరదు. నడుముకూ చెట్టుకూ చుట్టిన మోకు మీద ఆనుకుని, మానును కావలించుకుని ఉండిపోయాడు.

"కండ్లు తిరుగుతున్నయే" అన్నాడు పైనుంచి, చిన్నగా.

మా మరిది వనం అవతలి అంచున ఇంకో చెట్టు మీద ఉన్నాడు. ఆయన్ని పిలిస్తే ఆయనా తల తిప్పుతాడు. పరుగెత్తి వెళ్లి ఆ చెట్టు కింద లొట్టిని రాయితో కొట్టాను. అది పగిలేదాకా కొట్టాను. మరిది గబగబా దిగి, సంగతి విని, తన బంధంతో పాటు ఇంకోటి కూడా తీసుకుని ఉరికొచ్చాడు.

"వదినా, నేను ఎక్కేదాంక అన్నతోని మాట్లాడు. కండ్లు మూసిండంటే చెయ్యి ఇడుస్తడు."

"పిలవొద్దు గదా…"

"గిప్పుడు గవన్నీ సూస్తవా! మాట్లాడు!"

ఏం మాట్లాడాలో తోచలేదు. నోటికొచ్చింది అరిచాను.

"ఏమయ్యో! అలిగినదాన్ని మొదలు ఎవరెక్కిండ్రు?"

చెట్టు మొదలు మీద అరచేత్తో కొట్టాను.

"నిన్నే! ఎవరెక్కిండ్రు?"

"…తాత."

"తాతకిచ్చిందా?"

"ఇచ్చింది. తాత పెట్టిన చెట్టే గదా అది."

"మరి మామకు?"

"నాయినకు సక్కగ ఇయ్యలె. తిట్టేటోడు దాన్ని. నేనెక్కినంక ఇచ్చింది."

"అబ్బో! గొప్పలు చెప్పుకోనీకి కండ్లు తిరగవ్!"

పైన ఆకుల్లో చిన్న నవ్వు లాంటిది వినిపించింది. నేను ఆపలేదు. ఇద్దరక్కల్లో పెద్దది ఏది, మెల్లదానికి ఆ పేరు పెట్టిందెవరు, పిడుగు పడిన చెట్టు ఏ దిక్కున ఉండేది, అన్నీ అడిగాను. ఆయన చెబుతూనే ఉన్నాడు. మరిది పైకి చేరి, ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఆయన పాదాలకు బంధం తొడిగి, ఒక్కో అడుగూ దింపుకుంటూ వచ్చాడు.

కింద కూర్చున్నాక మీ తాతయ్యకు నీళ్లిచ్చాను.

"మా అన్నను నేను దింపలె" అన్నాడు మరిది, చెమట తుడుచుకుంటూ. "వదిన సతాయింపుకు ఆయనే దిగిండు."

"లొట్టి పైననే ఉన్నది, తియ్యకపోయినవ్?" అన్నాడు మీ తాతయ్య.

"నిన్ను తెచ్చుడే ఎక్కువ. గమ్మునుండు."

కల్లు కోసం వచ్చినవాళ్లను మరిది ఇవాళ లేదని వెనక్కి పంపాడు. మేమిద్దరం అక్కడే కూర్చున్నాం. మీ తాతయ్య నలుగురిలో ఎన్నడూ నా పక్కన కూడా కూర్చోడు. ఆ పొద్దున నా కొంగు అంచు పిడికిట్లో పట్టుకున్నాడు. రోడ్డు మీద సూర్యాపేట బస్సు ఆగి, జనం దిగి, మమ్మల్ని చూస్తూ పోయారు. ఆయన వదల్లేదు. సద్ది విప్పి, ఎడమచేత్తో కొంగు పట్టుకునే తిన్నాడు.