నంబరు లేని గది

ఆ గదిని మొదట అతిథుల కోసమే కట్టారు. హోటల్ వెనక వైపు, కింది అంతస్తులో చివరిది. తలుపు మీద ఇత్తడి నంబరు బిళ్ళ, లోపల రెండు మంచాలు, కిటికీకి ఖరీదైన తెర. లోపం ఒక్కటే. గోడకి అవతల హోటల్ మొత్తాన్ని చల్లబరిచే పెద్ద ఏసీ యంత్రాలు నాలుగు, వాటి పక్కన జనరేటరు. కిటికీ తెరిస్తే బీచి బారు స్పీకర్లు. ఆ గదిలో దిగినవాళ్ళు గంట తిరక్కుండానే సూట్‌కేసు ఈడ్చుకుంటూ రిసెప్షన్‌కి వచ్చేసేవారు. "ఇది గదా, పిండిమరా?" అని ఒక పెద్దమనిషి తాళంచెవి విసిరికొట్టాడు. ఫిర్యాదుల పుస్తకంలో ఆ గది మీద ఆరు పేజీలు నిండాక యాజమాన్యం ఒక పరిష్కారం కనిపెట్టింది. నంబరు బిళ్ళ ఊడదీయించి, రెండు మంచాల చోట నాలుగు ఇనపమంచాలు వేయించి, గదులు శుభ్రం చేసే ఆడవాళ్ళకి ఇచ్చేసింది.

ఆ రోజు నుంచి ఫిర్యాదులు ఆగిపోయాయి. చప్పుడు ఆగలేదు.

యంత్రాల గోడకి ఆనుకున్న మంచం దూదక్కది. ఆమె అసలు పేరు జీతాల పట్టీలో ఎక్కడో ఉంటుంది గానీ హోటల్లో దానితో ఎవరికీ పని పడలేదు. పని దిగాక ఎప్పుడు చూసినా చెవుల్లో దూది, కాబట్టి దూదక్క. నలభై మూడేళ్ళు. ఇల్లు ఒక రాత్రి బస్సు ప్రయాణం దూరంలో ఉంది. అక్కడ కూతురు మేనత్త దగ్గరుండి నర్సింగు చదువుతోంది. ఏడాదికి తొమ్మిది నెలల సీజను, అలాంటి సీజన్లు పదకొండు, అన్నీ ఆ మంచం మీదే.

పని రెండు ముక్కలు. పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా ఒకటి, సాయంత్రం నాలుగు నుంచి పది దాకా ఇంకొకటి. పని దిగి వచ్చినా బారులో పాటలు ఒంటిగంట దాకా ఆగవు. కంటినిండా నిద్రపోవాలంటే మధ్యాహ్నమే దిక్కు. సరిగ్గా ఆ వేళకే ఎండ ముదురుతుంది, పైనున్న అతిథులు ఏసీలు పెంచుతారు. పైన ఒక్కో గది చల్లబడుతుంటే కింద ఈ గది మరింత అదురుతుంది.

ఎలా నెట్టుకొచ్చింది? నూనెలో ముంచిన దూది, దాని మీద తలచుట్టూ తువ్వాలు. పాత చెప్పుల రబ్బరు కోసి మంచం కోళ్ళ కింద పెట్టింది, అదురు కాస్త తగ్గింది. అలమరలో స్టీలు గ్లాసులు పెట్టకూడదు, అవి ఒకదానికొకటి తగిలి గణగణమంటాయి. బారులో ఏ పాట తర్వాత ఏ పాట వస్తుందో ఆమెకి కంఠతా వచ్చు. అందులో ఒక్క పాటా నచ్చదు. ఆదివారం సాయంత్రం ఒక గంట ఖాళీ దొరికితే బీచి చివర రాళ్ళ దాకా నడిచి వెళ్ళేది. అక్కడా ఉండలేకపోయేది. కూర్చునేది, లేచేది, మళ్ళీ కూర్చునేది. అలల మోత కూడా ఆమెకి గోడ అవతల యంత్రంలాగే వినిపించేది.

"వాళ్ళకి అలవాటైపోయింది లెండి" అనేవాడు మేనేజరు, ఎవరైనా అడిగితే. ఆ మాట అన్నవాళ్ళెవరూ ఆ మంచం మీద ఒక్క మధ్యాహ్నం పడుకున్నవాళ్ళు కారు.

ఇంతా చేసి, ఆ హోటల్లో చప్పుడు చేయకూడదన్న నియమం ఎవరికో తెలుసా? ఈ ఆడవాళ్ళకే. చెప్పులకి గుడ్డ అడుగులు, బండి చక్రాలకి రోజూ నూనె. వరండాలో మాట్లాడుకోకూడదు, బకెట్టు కింద పెడితే శబ్దం రాకూడదు. తలుపు మూడుసార్లు కొట్టి, "గది శుభ్రానికి వచ్చానండీ" అని చెప్పి, పది లెక్కపెట్టి, జవాబు లేకపోతేనే లోపలికి వెళ్ళాలి.

చిక్కు ఆ జవాబు దగ్గరే వచ్చింది.

ముందుగా పసిగట్టింది కూతురే. "అమ్మా, నువ్వు ఫోన్ పక్కన పెట్టేసి మాట్లాడు, అక్కడి నుంచే మాకు వినపడుతుంది" అని నవ్వేది. సీజను అయ్యాక ఇంటికి వెళ్తే, అందరూ నిద్రపోయే వేళ దూదక్క ఒక్కతే లేచి కూర్చునేది. ఇల్లు సద్దుమణగగానే ఆమె కుడి చెవిలో యంత్రం మొదలయ్యేది, సన్నగా, ఆగకుండా. "ఫ్యాను స్పీడు పెంచవే" అనేది.

"చలికి చస్తున్నాం, ఫ్యానేంటమ్మా!"

"చప్పుడు లేకపోతే నిద్ర పట్టట్లేదే తల్లీ."

కూతురు నవ్వలేదు ఈసారి. చెవి చూపించుకోమని పోరింది. చూపించుకుంటే ఏం చెప్తారో దూదక్కకి తెలుసు. చెవులు లేవని తెలిస్తే హోటల్ ఏం చేస్తుందో ఇంకా బాగా తెలుసు. అందుకని తనే ఒక ఉపాయం పట్టింది. తలుపు కొట్టాక అరచేయి తలుపుకి ఆనించి ఉంచేది. లోపల ఎవరైనా నడిస్తే ఆ అదురు చేతికి తెలిసేది. రెండు సీజన్లు ఆ అరచేయే ఆమెకి చెవి.

కదలని మనిషి ఉన్న గదిలో ఆ ఉపాయం పారలేదు.

మూడో అంతస్తులో లెక్కల టీచరమ్మ దిగింది. రిటైరైన మనిషి, మోకాలి ఆపరేషను అయ్యాక గాలి మార్పు కోసం మూడు నెలలకి వచ్చింది. మొదట బీచి వైపు గది ఇచ్చారు. చప్పుడుగా ఉందని ఫోన్ చేసిన పది నిమిషాల్లో పక్క వైపు, హోటల్ మొత్తంలో కాస్త ప్రశాంతంగా ఉండే గదికి మార్చారు. ఆ పది నిమిషాల సంగతి మీరు మనసులో పెట్టుకోండి.

ఒక ఉదయం టీచరమ్మ మంచం అంచున కూర్చుని, బట్టలు తొలగించి, మోకాలి కట్టు మార్చుకుంటోంది. తలుపు చప్పుడైంది. "ఆగు, రావద్దు" అంది. మళ్ళీ గట్టిగా "వద్దన్నానా!" అని అరిచింది. బయట దూదక్క అరచేయి తలుపుకి ఆనించి ఉంది. అడుగుల అదురు లేదు. పది లెక్కపెట్టింది, తలుపు తీసింది. టీచరమ్మ దుప్పటి కోసం గబుక్కున లేవబోయి, కాలు మడతపడి, బల్ల పట్టుకుని వేలాడింది. కింద పడి ఉంటే ఆపరేషన్ చేసిన మోకాలు ఏమయ్యేదో!

ఫిర్యాదుల పుస్తకంలో ఆమె రాసింది మూడు ముక్కలే. "రెండుసార్లు వద్దని అరిచాను. అయినా వచ్చింది. బాధ్యత లేని మనిషి." తప్పు రాయలేదు. ఆమెకి తెలిసిందే రాసింది.

మేనేజరు గదిలో దూదక్క చేతులు కట్టుకుని నిలబడింది.

"వద్దని అరిస్తే ఎందుకు వెళ్ళావు? చెవుల్లో దూది పెట్టుకున్నావా?"

ఆయన వెటకారంగా అన్నాడు గానీ ఆమె చటుక్కున చెవి తడుముకుంది. డ్యూటీలో దూది తీసేసే ఉంటుంది. వినపడలేదని చెప్తే చెవిటిదని పంపేస్తారు, చెప్పకపోతే పొగరుబోతని పంపేస్తారు.

"పొరపాటైంది సార్."

"ఆవిడ క్షమించానని సంతకం పెడితే ఉంటావు. శనివారం లోపల. లేకపోతే నువ్వే మానుకుంటున్నట్టు కాగితం రాసిచ్చి వెళ్ళిపో."

నంబరు లేని గదిలో ఇస్త్రీ వదిన ఎదురుచూస్తోంది. హోటల్ దుప్పట్లన్నీ ఇస్త్రీ చేసే మనిషి, పక్క మంచం ఆమెదే. "చెప్పెయ్యవే, చెవి పోయిందని" అంది, దూదక్క ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి.

"చెప్తే ఉద్యోగం పోద్ది వదినా."

"చెప్పకపోతే ఉంటుందా ఏంటి? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

కూతురికి ఇంకా ఒక ఏడాది చదువుంది. దూదక్క మూడు రోజులు మూడో అంతస్తు మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. నాలుగో రోజు శుక్రవారం. ఇక ఆగడానికి రోజు లేదు. తలుపు తెరిచే ఉంది, గుమ్మంలోనే నిలబడింది.

"టీచరమ్మా, మొన్న తప్పైపోయిందండీ."

"తప్పేంటి, నా కాలు విరిగేది" అంది టీచరమ్మ. "సరే, ముందు ఆ పక్క దులుపు, ఇసకంతా అందులోనే ఉంది."

దూదక్క పక్క దులుపుతోంది. టీచరమ్మ చూస్తోంది. తను మాట్లాడినప్పుడల్లా ఈమె పని ఆపి, తల తిప్పి, కళ్ళని పెదాల మీద నిలుపుతోంది. నలభై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషికి ఆ చూపు కొత్త కాదు. వెనక బెంచీలో కూర్చుని, బోర్డు వైపు కాకుండా టీచరు మూతి వైపు చూసే పిల్లలు ఆమెకి తెలుసు.

టీచరమ్మ కిటికీ వైపు తిరిగింది. కిటికీ అద్దంలో ఆమెని గమనిస్తూ మామూలు గొంతుతో అంది: "అమ్మాయ్, కదలకు. నీ భుజం మీద తేలుంది."

దూదక్క దుప్పటి అంచు పరుపు కిందకి దోపుతోంది.

"తేలమ్మా. పెద్దది. మెడ మీదికి ఎక్కుతోంది."

దూదక్క ముడతలు సర్ది, రెండో దిండుకి గలీబు తొడిగింది.

టీచరమ్మ ఇటు తిరిగింది, కళ్ళల్లో నీళ్ళతో. దూదక్క కంగారుపడింది. "ఏమైందండీ, కాలు నొప్పా?"

"ఎన్నాళ్ళ నుంచి వినపడట్లేదు నీకు?"

కొంగున దాచింది బయటపడ్డట్టు నిలబడిపోయింది దూదక్క. "ఎవరికీ చెప్పకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఉన్నది ఒక్క కాలు, దాన్ని వదిలెయ్. నువ్వెక్కడ పడుకుంటావో చూపించు."

ఆ మధ్యాహ్నం చేతికర్ర పట్టుకుని టీచరమ్మ వెనక వైపుకి నడిచింది. ఇస్త్రీ వదిన గబగబా తాడు మీది బట్టలు లాగేసింది. యంత్రాలు నాలుగూ నడుస్తున్నాయి, ఎవరి మాటా ఎవరికీ అందడం లేదు. టీచరమ్మ గోడవార మంచం మీద పడుకుంది. చేతి గడియారం చూపించి, అరగంట అని వేళ్ళతో చెప్పింది. కళ్ళు మూసుకుంది, దిండు చెవులకి నొక్కుకుంది, పక్కకి దొర్లింది, ఇటు దొర్లింది. లేచి కూర్చుని గడియారం చూసుకుంది. పదకొండు నిమిషాలు.

"నయమే!" అని అరిచింది ఇస్త్రీ వదిన. "మొదటి రోజు నేను అయిదు నిమిషాలకే ఏడ్చాను."

దారిలో దూదక్క చెప్పిన సీజన్ల లెక్కని టీచరమ్మ వేళ్ళ మీద గుణించింది. "తొమ్మిది పదకొండ్లు తొంభై తొమ్మిది. తొంభై తొమ్మిది నెలలు" అంది, ఎవరికీ వినపడకుండా.

అక్కడి నుంచి నేరుగా రిసెప్షన్‌కి వెళ్ళి ఫిర్యాదుల పుస్తకం అడిగింది. తన పాత ఫిర్యాదుని అడ్డంగా కొట్టేసి, కింద రాయడం మొదలుపెట్టింది. మేనేజరు పరుగున వచ్చాడు.

"మేడమ్, మీ గదికి సంబంధించినవే ఇందులో రాయాలండీ."

"నా గది తుడిచే మనిషి చెవి నా గదికి సంబంధించినదే. చెవి పోగొట్టింది మీరు, వినలేదని సంతకం కోసం నా దగ్గరికి పంపింది మీరు. నాకు జవాబు రాతలో ఇవ్వండి."

జవాబు రాతలో రాలేదు. కానీ దూదక్క ఉద్యోగం నిలిచింది. చెవి పరీక్షకి పంపారు. కుడి చెవి దాదాపు పూర్తిగా, ఎడమది సగం పోయాయనీ, పోయింది తిరిగి రాదనీ, మిగిలింది జాగ్రత్త చేసుకోవాలనీ డాక్టరు చెప్పాడు. పడుకోవడానికి నాలుగో అంతస్తులో దుప్పట్లు దాచే చిన్న గది ఇచ్చారు. ఇక్కడితో ఆపేస్తే కథ బాగుండేది. టీచరమ్మకి దండం పెట్టి మనం ఎవరి దారిన వాళ్ళం పోవచ్చు.

మొదటి మధ్యాహ్నం ఆ గదిలో దూదక్కకి కునుకు పట్టలేదు. చుట్టూ తెల్లటి దుప్పట్లు, చప్పుడు లేదు, చెవిలో మాత్రం యంత్రం ఆగలేదు. అటు పొర్లి, ఇటు పొర్లి, లేచి కిందికి దిగింది. నంబరు లేని తలుపు తోసి చూస్తే, తన మంచం మీద కొత్త మనిషి. ఆ ఉదయమే చేరిందట. ఒళ్ళో దూది ఉండ పెట్టుకుని వేళ్ళతో నలుపుతోంది.

"అక్కా, నువ్వేనటగా దూదక్కవి" అంది నవ్వుతూ. "ఎంత పెట్టుకుంటే సరిపోద్దో కాస్త చెప్పవా?"

దూదక్క ముందుకి వంగింది. ఆమె ఒళ్ళోంచి దూది తీసేసింది. మణికట్టు పట్టుకుని, గుడ్డచెప్పులతోనే, అతిథులు నడిచే ముందు వరండాలోంచి రిసెప్షన్ దాకా నడిపించింది.

"పుస్తకం ఇవ్వండి."

"అది స్టాఫ్‌కి కాదు, దూదక్కా" అన్నాడు రిసెప్షనిస్టు.

"వినపళ్ళేదు బాబూ" అంది దూదక్క, బల్ల మీదున్న పుస్తకాన్ని తనవైపు లాక్కుంటూ. పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: గది నంబరు లేదు. చప్పుడు ఎక్కువ. పది నిమిషాల్లో మార్చగలరు.

సాయంత్రానికల్లా ఆ పేజీ చింపేశారు. కొత్త మనిషి ఇప్పటికీ గోడవార మంచం మీదే పడుకుంటోంది. దూదక్క రోజూ మధ్యాహ్నం వెళ్ళి మళ్ళీ రాస్తోంది, వాళ్ళు మళ్ళీ చింపుతున్నారు. వచ్చే శనివారానికి ఆమె ఉద్యోగం ఉంటుందో ఉండదో నాకు తెలియదు.

ఆమె రాసిన పేజీ చింపడం తేలిక. డబ్బు కట్టి దిగిన మీ పేజీ చింపడం అంత తేలిక కాదు. ఈసారి సెలవులకి ఏ సముద్రం ఒడ్డున దిగినా, గది ఎలా ఉందో రాయమని మీ చేతికి ఒక కాగితం ఇస్తారు. దాని మీద రాయండి: నా గది శుభ్రం చేసే మనిషి పడుకునే గది చూపించండి, ఆమె చెవులు ఏడాదికొకసారి పరీక్ష చేయించండి. చూపించకపోతే ఆ సంగతే అందరికీ కనిపించే చోట రాయండి. చూపిస్తే గుమ్మంలోంచి చూసి వెనక్కి రాకండి. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, గోడవార మంచం మీద పదకొండు నిమిషాలు పడుకోండి.