బొమ్మచేప కన్ను

ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పబోయినా ఇంట్లో నా మాట ఎవరూ చివరిదాకా వినలేదు. అందుకే రాస్తున్నాను.

బెంజ్ సర్కిల్ దగ్గర అక్కావాళ్ల ఫ్లాట్‌లో బావ కంప్యూటర్‌లో కోర్టు గేమ్ ఆడుతున్నాడు. అందులో ఆడేవాడే లాయరు. సాక్షి చెప్పే అబద్ధాన్ని పట్టుకుని, దానికి తగిన ఆధారం చూపించాలి. హత్య జరిగిన ఉదయం తాను రేవులో ఉన్నానని, పడవలోంచి అప్పుడే దించిన చేపలు కొన్నానని సాక్షి చెప్పాడు. రుజువుగా ఆ చేపల బుట్ట ఫొటో ఇచ్చాడు. బావ మూడుసార్లు ఓడిపోయాడు.

మాది చేపల వ్యాపారం. ఫొటో చూడగానే, "బావా, ఆ చేప కళ్లు లోపలికి పోయాయి. అది నిన్నటి సరుకు," అన్నాను.

"బొమ్మచేపక్కూడా బేరం మొదలెట్టావేంటి బామ్మర్దీ!" అన్నాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు.

నేను మౌస్ లాక్కుని ఆ ఫొటోనే ఆధారంగా పెట్టాను. సాక్షికి ముచ్చెమటలు పట్టాయి. బోనులోనే కూలబడి నిజం ఒప్పుకున్నాడు. జడ్జి సుత్తి కొట్టగానే నేను సోఫా మీదికెక్కి అరిచాను.

అప్పటినుంచి ఏ పెళ్లికెళ్లినా, ఆ కేసు తానే గెలిచానని బావ చెబుతున్నాడు. నేను నోరు తెరిస్తే భోజనానికి లేస్తాడు.

బావా, ఆ చేప కన్ను చూసిందెవరు? ఈసారి అక్క ముందే జవాబు చెప్పు.