కదిలినప్పుడే ఒక కుట్టు

ఇరవై మూడో మూతకు టోపీ అల్లుతుండగా నా అరిచేతులు దురద పెట్టాయి. సూది పక్కన పెట్టి గోక్కున్నాను. తగ్గలేదు. కాసేపటికి అరికాళ్లూ మొదలుపెట్టాయి. అప్పుడు నాకు ఏడో నెల, తొలి కాన్పు.

ముందు ఆ టోపీల సంగతి చెప్పాలి. మాది ఆర్మూర్ అంచున పెర్కిట్. శ్రీమంతానికి వచ్చిన ఆడవాళ్లకు స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు పంచడం మా వైపు మామూలే. నేను కొంచెం కొత్తగా చేద్దామని, చిన్న గాజు సీసాల్లో కొత్త పంట పసుపు పోసి, మూతల మీద క్రోషియాతో పువ్వుల టోపీలు అల్లి ఇవ్వాలనుకున్నాను. మొత్తం నలభై సీసాలు. ఊరూరా పసుపు పండించే ఆర్మూర్ వాళ్లకు పసుపు పంచడమేమిటని మీకు నవ్వొస్తే నవ్వండి. మా అత్తమ్మ రాజవ్వ మాత్రం నవ్వలేదు, మొహం మీదే అంది.

"సీసాలకు టోపీ పెడ్తున్నవా బిడ్డా, సుట్టాలకు పెడ్తున్నవా?"

అత్తమ్మ బీడీలు చుడుతుంది. చూపు టీవీ మీద ఉన్నా వేళ్లు వాటంతటవే ఆకు చుట్టి మడిచేస్తాయి. నేను ఒక మూత పూర్తి చేసేసరికి ఆమె ఒక కట్ట లేపేది. మా ఇంట్లో పనిమంతురాలు ఎవరో తెలియడానికి వేరే పరీక్ష అక్కర్లేదు.

దురద సంగతి చెప్తే ఇంట్లో అందరూ సంతోషించారు. "అరిచెయ్యి దురద వెడ్తే పైసలొస్తయి" అంది అత్తమ్మ. బహ్రెయిన్‌లో ఏసీ మెకానిక్‌గా ఉన్న మా ఆయన శ్రీకాంత్ వీడియో కాల్‌లో, "అరికాలు గూడ పెడ్తున్నదా? అయితే ప్రయాణమున్నట్టే. నేనే వస్తున్ననేమో!" అని మురిసిపోయాడు. పైసలు రాలేదు, ఆయనా రాలేదు. దురద మాత్రం దీపాలు పెట్టే వేళకు ఠంచనుగా వచ్చి, తెల్లారాక గానీ కదిలేది కాదు. దురదృష్టంలో ముందు వచ్చేది దురదేనని నాకు అప్పుడు తెలిసింది.

వారం తర్వాత అత్తమ్మ నేరం ఊలు మీద మోపింది. "గా రంగుల దారమే గిట్ల జేస్తున్నది. అవుతల పారెయ్." పారేయలేదు గానీ తెల్ల నూలు దారానికి మారాను. తగ్గలేదు. తర్వాత నేరం పసుపు దుమ్ము మీదికి పోయింది. దానికి మందుగా మళ్లీ పసుపే ముద్ద చేసి నా చేతులకూ కాళ్లకూ పట్టించింది. మా వీధి ఆర్‌ఎంపీ అలర్జీ బిళ్లలు ఇచ్చాడు. వాటితో నిద్ర బాగా పట్టింది, నిద్రలో గోక్కోవడం ఇంకా బాగా పట్టింది. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు, దద్దురు లేదు, నా గోళ్లు గీసిన గీతలు తప్ప. మూత్రం ముదురు రంగులో వస్తుంటే నీళ్లు తక్కువ తాగుతున్నాననుకున్నాను.

గోకి గోకి మణికట్టు దగ్గర తోలు లేచింది. ఒకరోజు తెల్ల టోపీ మీద రక్తపు చుక్క పడింది. సబ్బుకు పోలేదు. విప్పి మళ్లీ అల్లడానికి బద్ధకమై, చుక్క మీద ఎర్ర దారంతో చిన్న పువ్వు వేశాను. మరో రెండు టోపీలకూ అదే గతి పట్టింది. శ్రీమంతం రోజు ఆ ఎర్రపువ్వు సీసాలకే ఆడవాళ్లు పోటీపడ్డారు. ఒకామె డిజైన్ నేర్పమని నా వెంటపడింది. ఏమని నేర్పను?

ఆ రోజు నా కళ్లు పచ్చబడ్డాయని ఎవరూ చూడలేదు. వాళ్ల తప్పు కాదు. బుగ్గలకు పసుపు, కాళ్లకు పసుపు, పసుపు చీర, ఇంటి ముందు నుంచి మార్కెట్‌కు పోయే లారీ నిండా పసుపు. అందులో నన్నొక్కదాన్ని వేరు చేసి చూసేదెవరు?

చూసింది మా వాడ ఆశా వర్కర్ సుజాతక్క. గాజులు తొడుగుతూ ఆగిపోయింది.

"గీ గీతలేంది లావణ్యా?"

"దురద అక్కా. ఊలు పడ్తలేదట."

"పొక్కులున్నయా?"

"లెవ్వు."

"రాత్రిపూట ఎక్కువైతదా?"

"బిళ్లలు అయిపోయినంక నిద్రనే లేదక్కా."

నన్ను కిటికీ దగ్గరికి తీసుకుపోయి కింది రెప్ప లాగి చూసింది. "రేపు పొద్దుగాల దవాఖానకు పోదాం" అంది మెల్లగా. అత్తమ్మ చెవిన పడనే పడింది.

"శుభమా అని గాజులు తొడుగుతుంటే దవాఖాన పేరెందుకు దీస్తవ్ సుజాతా?"

"అందుకే రేపంటున్న పెద్దమ్మా. లేకుంటే ఇయ్యాల్నే తోల్కపోదును."

ఆర్మూర్ దవాఖానలో డాక్టర్ మేడం కూడా సుజాతక్క అడిగిన ప్రశ్నలే అడిగింది. లివర్ పనితీరు చెప్పే ఎల్‌ఎఫ్‌టీ, రక్తంలో పిత్తం కొలిచే బైల్ యాసిడ్స్ పరీక్షలు రాసింది. ఎల్‌ఎఫ్‌టీ రిపోర్టు సాయంత్రానికి వచ్చింది, ఎస్‌జీపీటీ బాగా ఎక్కువ. బైల్ యాసిడ్స్ శాంపిల్ హైదరాబాద్ పోయి ఫలితం రావడానికి నాలుగు రోజులు పట్టింది. అదీ ఎక్కువే.

"దీన్ని ఆబ్‌స్టెట్రిక్ కొలెస్టాసిస్ అంటరమ్మా" అని మేడం చెప్పింది. "లివర్ నుంచి పిత్తం సరిగ్గా పోక రక్తంలో పేరుకుంటది. నీకు దురద, అంతవరకే. కాన్పు అయినంక అదే పోతది. నా భయం నీ గురించి కాదు."

"మరి ఎవరి గురించి మేడం?"

"లోపలున్న బేబీ గురించి. లెవెల్స్ బాగా పెరిగితే బేబీ గుండె ఒక్కసారిగా ఆగిపోయే రిస్క్ ఉంటది. భయపెట్టడానికి చెప్తలేను."

భయపెట్టడానికి కాదని చెప్పాక భయపడనివాళ్లను నేనింతవరకు చూడలేదు.

అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ అని బిళ్లలు రాసింది. పేరు పలకడం పూర్తయ్యేలోపు బిళ్ల కరిగిపోయేంత పొడుగు. దురదకు పని చేస్తాయంది, బిడ్డకు మాత్రం హామీ ఇవ్వలేనంది. వారం వారం రక్తపరీక్ష, వారానికి రెండుసార్లు బిడ్డ గుండె చప్పుడు చూసే ఎన్‌ఎస్‌టీ, ముప్పై ఏడో వారం దాటకుండా డెలివరీ.

"గా ఎన్‌ఎస్‌టీ మంచిగొస్తే ఇగ ఫికర్ లేదా మేడం?" అని అత్తమ్మ అడిగింది.

"అది ఈ రోజు సంగతి చెప్తదమ్మా. రేపటిది చెప్పదు."

శ్రీమంతం అయ్యాక మోర్తాడ్‌లో మా అమ్మవాళ్లింటికి పోవాల్సినదాన్ని, దవాఖాన దగ్గరుంటుందని పెర్కిట్‌లోనే ఉండిపోయాను. తిన్న తర్వాత పక్కకు తిరిగి పడుకుని బిడ్డ కదలికలు లెక్కపెట్టమంది మేడం. రెండు గంటల్లో పదికి తగ్గితే ఆలోచించకుండా వచ్చేయాలి. వినడానికి తేలికే. నేను మూడు దాకా లెక్కపెట్టి నాలుగో దగ్గర పరధ్యానంలో పడేదాన్ని. అది మూడా, నాలుగా? ఆ అనుమానంతో ఏడుపొచ్చేది. లెక్క తప్పకుండా నాకు చేతనైన పని ప్రపంచంలో ఒక్కటే ఉంది. మిగిలిన దారం తీశాను. బిడ్డ కదిలినప్పుడే ఒక కుట్టు. కదలకపోతే సూది ఆగాలి. పది కుట్లకు ఆ పూట లెక్క పూర్తి. కడుపులో అల్లరి, చేతిలో అల్లిక. అంత నెమ్మదిగా, అంత భక్తిగా ఏ మూతకూ అల్లలేదు.

అత్తమ్మ బీడీల చాట తెచ్చుకుని నా ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టింది. అల్లికంటే గిట్టని మనిషి, "ఎన్నయినయి?" అని అడిగేది.

"ఆరు."

"ఇంకో నాలుగు తన్ను రా తండ్రీ, మీ అవ్వ కడుపే గదా, దెబ్బ తగలదు తియ్" అని నా పొట్టతో మాట్లాడేది. ఒకసారి ఉన్నట్టుండి, "పసుపు రాసింది నేనే. చెయ్యి సూడకపోతి, కన్ను సూడకపోతి" అంది. బీడీ చుడుతూనే ఉంది.

మిగతా జబ్బుల్లో రోగి చేయడానికి ఏదో ఒకటి ఉంటుంది. నడవడమో, పథ్యమో, ఆపరేషన్‌కు సంతకమో. నాకు వేచి ఉండటం తప్ప ఏమీ లేదు. బిడ్డను మోస్తున్నది నా ఒళ్లే, బిడ్డకు ప్రమాదం తెస్తున్నదీ నా రక్తమే. మూత తీసి చూడటానికి వీల్లేని సీసాలాగా నన్ను నేను చూసుకుంటూ కూర్చునేదాన్ని. శ్రీకాంత్ ఫోన్‌లో, "నేనేం జెయ్యాలె లావణ్యా, ఏదన్న పని జెప్పు" అని ప్రాధేయపడేవాడు. పొద్దంతా ఎవరి ఇళ్లలోనో చల్లగాలి బాగుచేసే మనిషికి ఏం పని చెప్పను? "ఫోన్‌కు చార్జింగ్ పెట్టుకో" అనేదాన్ని. నిజంగానే పెట్టుకునేవాడు.

బిళ్లలతో దురద సగం తగ్గింది. తగ్గింది కదా అనుకుంటుండగా బైల్ యాసిడ్స్ రిపోర్టు వచ్చింది. మొదటిదానికంటే పెరిగాయి. మేడం డోస్ పెంచి, నిజామాబాద్ పెద్ద దవాఖానకు రాసిచ్చింది. అక్కడ బిడ్డ ఊపిరితిత్తుల కోసమని స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ముప్పై ఆరో వారం, సోమవారం పొద్దున అడ్మిట్ కావాలన్నారు.

శనివారం పొద్దున ఉప్మా తిని పక్కకు తిరిగి పడుకున్నాను. ఒకటి. రెండు. కొంచెం ఆగి మూడు. తర్వాత ఏమీ లేదు.

చల్లటి నీళ్లు తాగాను. బెల్లం తిన్నాను. లేచి నాలుగడుగులు వేసి మళ్లీ పడుకున్నాను. సూదికి దారం మెలేసి ఉంది, లాగితే నాలుగో కుట్టు అయిపోతుంది. నా చేయి అలాగే గాలిలో ఉండిపోయింది. గంట గడిచింది. అత్తమ్మ బీడీలు చుట్టడం ఆపి సూదినే చూస్తోంది.

"నువ్వే ఒకటి ఎయ్యరాదే" అంది.

నాకూ వేయాలనే ఉంది. కన్ను మూసి తెరిచేంత పని.

"నేనేస్తే కదిలినట్టయితదా అత్తమ్మా?"

ఆమె చేతిలో ఆకు చిరిగింది. చాట పక్కకు తోసి లేచి, చెప్పులు కూడా లేకుండా పక్కింటి కారు కోసం ఉరికింది.

నిజామాబాద్ పోయేదాకా నా రెండు చేతులూ పొట్ట మీదే. శ్రీకాంత్ ఫోన్ మీద ఫోన్. "కదిలిందా?" "లేదు." "ఇప్పుడు?" "లేదు." అక్కడి నుంచి ఆయన చేయగలిగింది అడగడం ఒక్కటే. ఇక్కడి నుంచి నేను చేయగలిగింది లేదనడం ఒక్కటే.

లేబర్ రూమ్‌లో సిస్టర్ నా పొట్ట మీద మిషన్ పెట్టి ఇటు జరిపింది, అటు జరిపింది. ఏ చప్పుడూ లేదు. అత్తమ్మ నా కాలి బొటనవేలు పట్టుకుని నిలబడింది, ఆమెకు అందింది అదే. తర్వాత గుర్రం పరుగులాంటి చప్పుడు వినిపించింది. "గుండె ఉంది" అంది సిస్టర్. మేమిద్దరం ఏడ్చాం. అప్పుడే వచ్చిన డాక్టర్ మిషన్ గీసిన కాగితం చూసి ఏడవనివ్వలేదు. "హార్ట్‌బీట్ ఉంది కానీ వేరియేషన్ తక్కువుంది. సోమవారం దాకా ఆగను. సిజేరియన్."

ఆపరేషన్ టేబుల్ మీద పడుకుని, "ఎన్ని కుట్లు పడ్తయి మేడం?" అని అడిగాను.

"అవి నేను లెక్కపెడ్త. నువ్వు ఊపిరి పీల్చు."

బిడ్డ బయటికి వచ్చింది. ఏడవలేదు. ఉమ్మనీరు పచ్చగా మారిందని ఎవరో అన్నారు, సక్షన్ అని ఇంకెవరో అన్నారు. పరదా అవతల ఏం జరుగుతోందో నాకు కనిపించదు. నడుము కింద నాకు ఒళ్లే లేదు. అప్పుడు చిన్న మూలుగు, దాని వెనకే సన్నటి ఏడుపు. "ఆడపిల్ల" అన్నారు. ముఖం చూపించకుండానే ఎన్‌ఐసీయూకు తీసుకుపోయారు.

తొమ్మిది రోజులు అక్కడే ఉంచారు. మొదటి మూడు రోజులు నేను లేవలేకపోయాను, అత్తమ్మే అద్దంలోంచి చూసొచ్చి చెప్పేది. మూడో రోజు ఆమె గొంతు వార్డు దాకా వినిపించింది.

"సిస్టర్, పిల్ల పచ్చగున్నది! కండ్లు సూడు, కండ్లు!"

"అప్పుడే పుట్టిన పిల్లలకు ఉంటది అమ్మమ్మా, లైట్ కింద పెట్టినం గదా."

"నేను నానమ్మను. ఒకసారి సూడక మోసపోయిన. నువ్వు మళ్ల సూడు."

సిస్టర్ మళ్లీ చూసింది. రోజూ రెండుసార్లు చూడాల్సి వచ్చింది పాపం.

నా దురద మూడో రోజుకే పోయింది, అసలు నన్నెప్పుడూ ఎరగనట్టు. ఆరు వారాలకు ఎల్‌ఎఫ్‌టీ నార్మల్ అయింది. మళ్లీ కాన్పు వస్తే ఇదీ మళ్లీ రావచ్చని, మొదటి నెలల్లోనే చెప్పాలని, గర్భం రాకుండా వాడే హార్మోన్ బిళ్లలు అడగకుండా వేసుకోవద్దని ఆర్మూర్ మేడం చెప్పింది.

ఇప్పుడు పాపకు పది నెలలు. దారపు ఉండ దొరికితే ఇల్లంతా చుట్టబెడుతుంది. శ్రీకాంత్ వచ్చి నలభై రోజులు ఉండి వెళ్లాడు. పాప నిద్రపోతుంటే నా చేయి ఇప్పటికీ దాని ఛాతీ మీదికి పోతుంది, కదులుతోందో లేదో అని. రెండో కాన్పు మాట చుట్టాలు ఎత్తితే అత్తమ్మ, "మీరు కంటరా?" అని అడుగుతుంది. నాకైతే కావాలని ఉంది, భయమూ ఉంది. ఏది గెలుస్తుందో నా చేతిలో లేదు.

బీడీ కార్ఖానా దగ్గర కడుపుతో ఉన్న ఆడవాళ్లు కనిపిస్తే అత్తమ్మ అరిచేతులు చూపించమంటుంది. జాతకం చెప్తుందనుకుని సంతోషంగా చాపుతారు. మొన్న ఎనిమిదో నెల ఉన్న ఒకమ్మాయి దురదంటే, చుట్టిన బీడీలు అక్కడే ఇచ్చి ఆమెను ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. రిపోర్టు నార్మల్‌గా వచ్చింది. "ఊకెనే దినమంత తిప్పినవ్ పెద్దమ్మా" అని ఆ అమ్మాయి విసుక్కుంది. "నార్మలొస్తే తిట్టు బిడ్డా, పడ్త" అంది అత్తమ్మ.

మీకు చెప్పేదీ అదే. ఆఖరి నెలల్లో అరిచేతులు, అరికాళ్లు పొక్కుల్లేకుండా దురద పెడితే, ఎల్‌ఎఫ్‌టీ, బైల్ యాసిడ్స్ అని కాగితం మీద రాసుకుని, ఆ రోజే పోయి డాక్టర్‌ను అడగండి. నార్మల్ అని వస్తే వచ్చి తిట్టండి. మా అత్తమ్మ పొద్దంతా అరుగు మీదే ఉంటుంది.