బుధవారం బెంచీ

గ్లెనిస్ పాస్కో దేవుడి మీద యుద్ధం ప్రకటించిందని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. పచ్చి అబద్ధం. ఆమె అడిగింది ఒక గది. వారానికి ఒక్క అరగంట తన కూతురు కూర్చుని చదువుకోవడానికి ఒక గది, కనిపెట్టుకుని ఉండడానికి ఒక మనిషి. అది ఇవ్వడం చేతకాక దేవుణ్ణి మధ్యలోకి లాగింది మేము. మేమంటే నాతో సహా.

మాది చెరకు ఊరు, డార్సీ క్రీక్. మిల్లు ఆడినన్నాళ్ళూ ఆరేసిన బట్టల మీద మసి, మిగతా రోజులు వాన. మా ప్రభుత్వ బడి ముందు నుంచే హైవే పోతుంది. ఆ రోడ్డు మీద పొద్దున ఒక గంట, మధ్యాహ్నం ఒక గంట పసుపు చొక్కా వేసుకుని, స్టాప్ బోర్డు పట్టుకుని పిల్లల్ని దాటించడం గ్లెనిస్ ఉద్యోగం. నూట నలభైమంది పిల్లల పేర్లు, వాళ్ళ కుక్కల పేర్లు కూడా ఆమెకు నోటికి వచ్చు. ఒకసారి ఆగకుండా ముందుకొచ్చిన లారీ మూతి మీద బోర్డుతో ఒక్కటిచ్చి, డ్రైవర్ని కిందికి దింపి, పిల్లలందరికీ క్షమాపణ చెప్పించింది. నేను బడి క్యాంటీన్లో మాంసం పైలు వేడిచేస్తూ కిటికీలోంచి చూసి చప్పట్లు కొట్టాను.

ఆమెకు దేవుడంటే నమ్మకం లేదు. దానికి కారణం వెతకడం మా ఊరి ఆడవాళ్ళకు పెద్ద కాలక్షేపం. చిన్నప్పుడు ఎవరో ఫాదర్ ఏదో చేసి ఉంటాడని ఒకరు, పురిట్లో బిడ్డ పోయి ఉంటుందని ఇంకొకరు. నేను ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను.

"ఏమీ జరగలేదు లొరేన్," అంది. "నమ్మకం కుదరలేదు, అంతే. నీకు చేపలు పట్టడం ఇష్టముండదు. చిన్నప్పుడు నిన్ను చేప కరిచిందా అని ఎవరైనా అడిగారా?"

"చర్చి అంటే ఒళ్ళు మంటా మరి?"

"మంటెందుకు? ఆదివారం ఆ గంట వింటే నాకూ బాగానే ఉంటుంది. ఎవరింట్లో వాళ్ళు మొక్కుకోండి, ఎవరొద్దన్నారు? బడి మాత్రం అందరిదీ కదా."

యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకునే ఆంజాక్ రోజు తెల్లవారుజామున సైనికుల స్తూపం దగ్గర పాస్టర్ ప్రార్థన చదువుతుంటే గ్లెనిస్ కూడా టోపీ తీసి తలవంచి నిలబడేది. పెదవులు మాత్రం కదిలేవి కావు. అంతకు మించి ఎవరినీ ఒక్క మాట అన్న మనిషి కాదు.

గొడవకు మూలం ఆమె మొగుడు కోల్. మిల్లులో ఫిట్టరు, మెతక మనిషి. కూతురు టేగన్‌ని బడిలో వేసేటప్పుడు దరఖాస్తు నింపింది అతనే. మతం అన్నచోట 'చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్' అని రాసేశాడు. వాళ్ళ నాన్న అలాగే రాసేవాడు, తాత అలాగే రాసేవాడు. కోల్ తన జన్మలో చర్చి గడప తొక్కింది రెండుసార్లు, రెండుసార్లూ శవపేటిక మోయడానికే. మా వైపు సగంమంది మగవాళ్ళ క్రైస్తవం ఇంతే. కాగితం మీద పుడుతుంది, కాగితం మీదే పోతుంది. అయితే ఆ ఒక్క మాట చూసి బడివాళ్ళు టేగన్‌ని ప్రతి బుధవారం పొద్దున తొమ్మిదింటికి వెర్నా షుల్జ్ చెప్పే బైబిలు పాఠానికి పంపడం మొదలుపెట్టారు. వెర్నా జీతం తీసుకోదు. లూథరన్ చర్చి తరఫున వస్తుంది, చేతిలో ఎప్పుడూ ఒక బిస్కెట్ల డబ్బా ఉంటుంది.

ఈ సంగతి గ్లెనిస్‌కు తెలిసింది టేగన్ రెండో తరగతిలో ఉండగా, వానలు దంచి కొడుతున్న వారంలో. వాగు పొంగి వంతెన మునిగింది. టేగన్ బొమ్మలన్నీ ఉతికే బట్టల బుట్టలో సర్దుకుని వాకిట్లో కూర్చుంది.

"ఏంటే ఇది?" అని గ్లెనిస్ అడిగింది.

"దేవుడికి కోపం వస్తే నలభై రోజులు వాన కురిపించి అందర్నీ ముంచేస్తాడంట. మనం చర్చికి వెళ్ళం కదమ్మా. మనకి పడవ కూడా లేదు."

"నాన్న చేపల పడవ ఉంది కదే."

"అందులో ముగ్గురం పట్టం. కుక్క కూడా ఉంది," అని ఏడ్చేసింది పిల్ల.

ఆ పూట కోల్‌కు గట్టిగానే పడింది.

"చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ఎక్కడుందో తెలుసా నీకు?"

"ఇంగ్లండ్‌లో," అన్నాడు కోల్.

"ఒక్క గడి ఖాళీ వదిలెయ్యలేకపోయావా?"

"ఖాళీ వదిలితే బాగుండదేమో అనుకున్నానే."

మర్నాడే గ్లెనిస్ ప్రిన్సిపాల్ గ్రాంట్ దగ్గరికి వెళ్ళి, తన కూతురు ఆ పాఠానికి కూర్చోదని రాసిచ్చింది. గ్రాంట్ చెడ్డవాడు కాడు, ఎవరినీ నొప్పించకుండా రిటైరైపోదామనుకునే రకం. సరేనన్నాడు. తరవాతి బుధవారం తొమ్మిదింటికి టేగన్‌ని తీసుకొచ్చి తన గది బయటి బెంచీ మీద కూర్చోబెట్టాడు.

ఆ బెంచీ అల్లరి పిల్లల బెంచీ. ఎవణ్ణో కొరికినవాళ్ళూ, అద్దం పగలగొట్టినవాళ్ళూ కూర్చునే చోటు. నా కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. బుధవారం దారిన పోయే ప్రతి తల్లీ ఆగి "ఏం చేశావే?" అని అడిగేది. "ఏం చెయ్యలేదు" అనేది టేగన్. దొంగలు కూడా అదే అంటారు కాబట్టి ఎవరూ నమ్మేవాళ్ళు కాదు.

గ్లెనిస్ మళ్ళీ వెళ్ళింది. లైబ్రరీలో కూర్చోబెట్టమంది. చూసుకోవడానికి మనిషి లేరన్నాడు గ్రాంట్. పోనీ ఏ టీచరైనా నాలుగు లెక్కలు చెప్పకూడదా అంది.

"కొత్త పాఠం చెప్పకూడదు గ్లెనిస్. చెప్తే లోపల కూర్చున్న పిల్లలు వెనకబడిపోతారు."

"అంటే మీ పిల్లలు ప్రార్థన నేర్చుకునేదాకా నా పిల్ల ఏమీ నేర్చుకోకూడదా?"

"అలా అంటే ఎలా..."

"ఎలా అనాలో నువ్వే చెప్పు గ్రాంట్."

టేగన్ ఆ బెంచీ మీద రెండో తరగతి గడిపింది, మూడో తరగతి గడిపింది. బొమ్మలకు రంగులు వేసీ వేసీ విసిగిపోయి, చివరికి నా క్యాంటీన్ ముందు పెట్టిన ధరల పట్టిక దూరం నుంచే చదువుకునేది. పిలిచి ఒక లామింగ్టన్ కేకు చేతిలో పెడదామని చాలాసార్లు అనుకున్నాను. బెంచీ మీది పిల్లలకు తినడానికి ఇవ్వకూడదని రూలు. నేను రూలు పాటించాను.

ఇక ఆ మూడో తరగతి ఏడాదే జరిగిన తల్లిదండ్రుల సంఘం మీటింగు. మా బడికి వెర్నా కాక ఒక చాప్లెన్ కూడా ఉన్నాడు, బ్రెట్ అని. చర్చి సంస్థ తరఫున బడిలో ఉంటూ పిల్లల మంచిచెడ్డలు చూసే ఉద్యోగి. కొంత జీతం ప్రభుత్వం ఇస్తుంది, కొంత మేము కేకులు అమ్మీ, సాసేజీలు కాల్చి అమ్మీ పోగుచేస్తాం. గ్లెనిస్ లేచి నిలబడి, ఈ ఏడాది ఆ డబ్బుతో బుధవారం అరగంటకు ఒక సహాయ టీచరును పెడదామంది.

"టేగన్ ఒక్కతే కాదు. ఇంకో నలుగురు తల్లులు నాకు రహస్యంగా చెప్పారు, బెంచీ లేకపోతే వాళ్ళ పిల్లలకీ ఆ పాఠం మాన్పిస్తామని. వాళ్ళ పేర్లు నేను చెప్పను. వాళ్ళే చెయ్యెత్తుతారు."

ఓటు పెట్టారు. ఆమె చెయ్యి ఒక్కటే లేచింది. ఆ నలుగురు తల్లులూ గదిలోనే ఉన్నారు, నేలవైపు చూస్తూ. వద్దని లేచిన చేతుల్లో నాదీ ఒకటి. ఎందుకంటే మా ఆయన డారిల్ మిల్లులో చెయ్యి నలిగి ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు బ్రెట్ వచ్చి రెండు రోజులు నా పక్కన కూర్చున్నాడు. అతని కడుపు మీద నేనెలా కొడతాను? మా ఊళ్ళో మతం పని చేసేది ఇలాగే. బెదిరించదు. కష్టంలో టీ కలిపి ఇస్తుంది, తరవాత నీ చెయ్యి దానంతటదే లేస్తుంది. నా చెయ్యి లేచినప్పుడు గ్లెనిస్ నావైపు చూసింది. కోపం కనబడలేదు. కోపంగా చూసి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

ఆ తరవాత కొందరు తల్లులు పిల్లల్ని కార్లో బడి గేటు లోపలిదాకా తెచ్చి దింపడం మొదలుపెట్టారు, గ్లెనిస్ చెయ్యి తగలకుండా. క్రిస్మస్ సెలవుల ముందు ఏటా ఆమెకు చాక్లెట్ డబ్బాలు ఇచ్చేవాళ్ళు. ఆ ఏడాది మూడే వచ్చాయి.

టేగన్ నాలుగో తరగతికి వచ్చాక, ఒకరోజు వెర్నా మనవరాలు మాడిసన్ రోడ్డు పక్కన నిలబడి గ్లెనిస్‌ని అడిగింది.

"నన్ను లారీ గుద్దితే స్వర్గానికి పోతానా?"

"లారీ గుద్దితే టౌన్స్‌విల్ ఆసుపత్రికి పోతావు. బూటు లేసు కట్టుకో."

"మరి స్వర్గం?"

"నాకు తెలీదు తల్లీ. నేనెప్పుడూ చూళ్ళేదు."

నేను పక్కనే ఉన్నాను. జరిగింది ఇంతే. వారం తిరగకముందే, ప్రభుత్వ యూనిఫాంలో ఉండి పసిపిల్లలకు నాస్తికత్వం నూరిపోస్తోందని పై ఆఫీసుకు ఫిర్యాదు వెళ్ళింది. ఒక సూపర్వైజరు కాగితం పట్టుకొచ్చాడు. డ్యూటీలో ఉండగా ఏ పిల్లలతోనూ మతం గురించి మంచిగా గానీ చెడుగా గానీ మాట్లాడనని సంతకం చెయ్యాలి. చెయ్యకపోతే పసుపు చొక్కా ఇచ్చెయ్యాలి.

"వెర్నా కూడా ఇలాంటిదాని మీద సంతకం పెట్టిందా?" అని అడిగింది గ్లెనిస్.

"ఆవిడకి మాట్లాడ్డానికి అనుమతి ఉందమ్మా."

"అంటే తరగతి గదిలో మాట్లాడొచ్చు, రోడ్డు మీద మాత్రం కూడదు."

అతను గడియారం చూసుకున్నాడు. గ్లెనిస్ కాగితం నా క్యాంటీన్ గట్టు మీద పెట్టి, పెన్ను ఇమ్మని నన్నే అడిగింది. "పెట్టెయ్యవే, పోయేదేముంది?" అన్నాను. నా సలహాల విలువ అంత. పెట్టేసింది.

ఆ నెలలోనే టేగన్ తల్లి దగ్గరికి వచ్చి, తనని లోపలికి పంపమంది. ఈ సంగతి గ్లెనిసే తరవాత నాకు చెప్పింది.

"నువ్వు నమ్ముతున్నావా అవన్నీ?"

"లేదమ్మా."

"మరెందుకు?"

"నమ్మకపోతే బయట ఒక్కదాన్నే కూర్చోవాలి. నాకు చాతకావట్లేదు. నీకు చాతనవుతుంది. నాకు కాదు."

తొమ్మిదేళ్ళ పిల్ల అన్న మాట అది. గ్లెనిస్ పొద్దున్నే ఆఫీసుకెళ్ళి, టేగన్ పాఠానికి కూర్చోదన్న వెనకటి కాగితం రద్దు చేయమని రాసిచ్చింది. గ్రాంట్ ఎంత సంతోషపడ్డాడంటే, లేచి ఆమెకు తలుపు తీసి పట్టుకున్నాడట. ఒక మనిషిని చితక్కొట్టడానికి రెండేళ్ళు పట్టింది. ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ తిట్టలేదు. అందరూ మంచివాళ్ళే.

ఆ బుధవారం మధ్యాహ్నం మూడింటికి క్యాంటీన్ మూసి నేను రోడ్డు దగ్గర నిలబడ్డాను. పక్కన వెర్నా, మాడిసన్, ఇంకో పదిమంది పిల్లలు, వాళ్ళ తల్లులు. టేగన్ పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో రంగులు వేసిన గొర్రెపిల్ల బొమ్మ.

"అమ్మా! ఇవాళ మా క్లాసంతా నీకోసం ప్రార్థన చేసింది."

గ్లెనిస్ ఎత్తబోయిన బోర్డు కిందికి దించింది.

"నీ పేరు చెప్పి మరీ. వెర్నా టీచర్ అందర్నీ కళ్ళు మూసుకోమంది. నేనూ మూసుకున్నాను." పిల్ల మొహంలో నవ్వు పోయింది. గొంతు తగ్గింది. "నమ్మకపోతే నరకానికి పోతారంట కదా. అమ్మా, నువ్వు పోతావా?"

తల్లులంతా ఇటు తిరిగారు. వెర్నా బిస్కెట్ల డబ్బా మూత సర్దుకుంటోంది.

"ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం తల్లీ," అంది గ్లెనిస్.

"ఇప్పుడే చెప్పు. పోతావా, పోవా?"

"నేను డ్యూటీలో ఉన్నాను టేగన్."

"అవునో కాదో చెప్పమ్మా, ఒక్క మాట!" పిల్ల ఏడుస్తోంది.

గ్లెనిస్ పెదవులు తెరుచుకున్నాయి. వెర్నా వైపు చూసింది, నా వైపు చూసింది, నోరు మూసుకుంది. రోడ్డు మధ్యకు నడిచి బోర్డు ఎత్తింది. పిల్లలంతా దాటారు. టేగన్ అందరికంటే వెనక, గొర్రెపిల్ల బొమ్మతో కళ్ళు తుడుచుకుంటూ, సరిగ్గా నా పక్కనుంచే నడిచింది.

నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. 'పోదు తల్లీ, మీ అమ్మ ఎక్కడికీ పోదు' అని నేను అనొచ్చు. అన్నా నన్ను అడిగేవాడు లేడు. వెర్నా చూస్తోందని నోరు మూసుకుని రోడ్డు దాటాను.