ఎర్రయ్య తాతని నేను చంపిన పూట

ఒక మనిషిని చంపాలంటే మామూలు డాక్టరుకి కనీసం అయిదారేళ్ళ చదువూ, ఒక సూదీ, కాస్త తొందరా కావాలి. నేను రెండో సంవత్సరంలోనే, సూదీ మందూ లేకుండా, వట్టి నోటిమాటతో చంపేను. చంపి ఊరుకోలేదు. ఆ ఒక్క మాటతో ఊరికి ఊరినే గంజినీళ్ళతో పడుకోబెట్టేను. ఇన్నేళ్ళయినా ఈ సంగతి ఎత్తినవాళ్ళంతా నన్నే తప్పు పడతారు. మిగిలినవాళ్ళు ఆ పూట వెలగబెట్టిన నిర్వాకాల గురించి ఒక్కరూ నోరు విప్పరు. అందుకే నా కథ నేనే చెప్పుకుంటున్నాను. విని మీరే తీర్పు చెప్పండి.

మాది ఉద్దానంలో, కవిటి కొబ్బరితోటలు అయిపోయి ఇసక మొదలయ్యే చోట, చిన్న పేట. చేపలవేట తప్ప ఇంకో పని ఎరగని ఊరు. ఆ ఊళ్ళోంచి మెడిసిన్ సీటు కొట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. విశాఖపట్నంలో కాలేజీలో చేరిన నెలకే ఊరంతా నాకు డాక్టరు పట్టా ఇచ్చేసింది. సెలవులకి వచ్చి పలాసలో రైలు దిగడమే పాపం, ఆటో అతను మొదలెట్టేవాడు.

"డాట్రుబాబూ, మా ఆడదానికి నడుం నొప్పి. ఏటి మాత్ర ఎయ్యమంతావు?"

"నాకు తెలీదు మావా. ఇంకా చదువుతున్నాను."

"అదేటి బాబూ, సదువుతన్నావు కాబట్టే కదా అడగతన్నాను."

దీనికి ఏం జవాబు చెప్తారు? అయ్యా, మెడిసిన్‌లో మొదటి సంవత్సరం మాకు బతికున్నవాళ్ళని చూపించరు. ఏడాది పొడుగునా శవాలే. పొద్దున్న శవం, మధ్యాహ్నం ఎముకలు, సాయంత్రం ఒక ఎముక చేతిలో పెట్టి "ఇది కుడిదా ఎడమదా" అని ప్రాణం తీసే ప్రొఫెసరు. శవాలు పాడవకుండా పోసే మందు వాసన చేతులకి పడితే ఏ సబ్బుకీ లొంగదు. అన్నం ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఆకలికి ఏడవాలో వాసనకి ఏడవాలో తెలీదు. పోనీ ఇంటికొస్తే సుఖమా? మా అమ్మ "సవాలు ముట్టుకున్న సేతుల్తో నా కుండలు ముట్టుకోకు" అని వీధిలోనే నిలబెట్టి నెత్తిమీద నీళ్ళు గుమ్మరించేది. నడుం నొప్పికి మందు తెలీదు గానీ నడుంలో ఎముకల పేర్లన్నీ చెప్పగలనంటే, "గుంటడికి సదువొచ్చి గీర ఎక్కువైపోనాది" అని ఊరంతా మూతి తిప్పేది.

రెండో సంవత్సరంలోకి వచ్చేక స్టెతస్కోపు కొన్నాను. ఇంకా వార్డుల్లోకి పంపలేదు, దాన్ని ఎలా వాడాలో చెప్పనూ లేదు, ఈలోగా సెలవులిచ్చేరు. మరి హాస్టల్లో పెట్టె అడుగున పెట్టి రావచ్చు కదా అంటారా? కొత్త చెప్పులు కొనుక్కుని సంచిలో పెట్టుకుని నడిచినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళని అడగమనండి. విశాఖపట్నం నుంచి పలాస దాకా మెడలో వేసుకునే వచ్చేను. ఇంటికి రాగానే అమ్మ గుండె విన్నాను. శుభ్రంగా వినిపించింది. నాన్నది విన్నాను. వద్దు వద్దంటున్నా మేకది కూడా విన్నాను. రాత్రి దాన్ని చిలక్కొయ్యకి తగిలించి పడుకున్నాను. ఆ చిలక్కొయ్యని మరిచిపోకండి, దానితో మనకి పనుంది.

అప్పటికి చాలా రోజులుగా వాయుగుండం పట్టి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఇళ్ళల్లో బియ్యం అడుగంటేయి. ఎండుచేపల బుట్టలు దులిపి దులిపి ఆ దుమ్ముతోనే పులుసు పెట్టుకుంటున్నారు. మర్నాడు తెల్లారేసరికి సముద్రం నెమ్మదించింది. కనుచూపు మేరలో నీళ్ళమీద పక్షులు మూగేయి. కానాగంత చేపల మంద. ఇన్నాళ్ళ ఆకలికీ దేవుడు ఒక్కసారిగా పంపించేడన్నట్టు ఒడ్డుకి దగ్గరగా వచ్చింది. ఊళ్ళో మగాళ్ళంతా వలలు భుజానేసుకుని పరిగెత్తేరు.

మా పక్కింటి ఎర్రయ్య తాత కూడా పరిగెత్తబోయేడు. తాతకి ఎనభై దాటేయి. వయసులో ఉన్నప్పుడు రాళ్ళకి చిక్కుకున్న వలని నీళ్ళడుగుకి మునిగి విడిపించుకొచ్చేవాడు. ఊపిరి బిగబట్టడంలో ఈ తీరంలో ఆయనకి సాటి లేరంటారు. ఇది కూడా గుర్తుంచుకోండి. వలకి చెయ్యి వేసేసరికి కోడలు పోలమ్మత్త గుమ్మంలో అడ్డం నిలబడి, "ఈ వొయిసులో నీకు ఏట ఏటి మావా? ఇంటికాడ కూకో" అందట. తాత అలిగేడు. ఆయన అలక మామూలు అలక కాదు. కళ్ళు మూసుకుని బిగుసుకుని పడుకుంటే పిలిచినా పలకడు, కుదిపినా కదలడు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. నేను విశాఖపట్నంలో శవాల మధ్య కూర్చుని చదువుకుంటున్నాను కాబట్టి నాకు తెలీదు. ఎవరూ చెప్పనూ లేదు. ఇది నా మొదటి ఫిర్యాదు.

పోలమ్మత్త గంజి పట్టుకెళ్ళి పిలిచింది. పలకలేదు. ఎప్పుడూ గంజి వాసనకి లేచే మనిషి ఈసారి లేవకపోయేసరికి ఆవిడకి భయమేసి మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది.

"బాబూ, బేగి రా. మా మావ పలకటం లేదు."

చిలక్కొయ్య మీంచి స్టెతస్కోపు లాగి నేనూ పరిగెత్తేను. నా జీవితంలో మొట్టమొదటి రోగి. వెనకాలే వీధి వీధంతా వచ్చి గుమ్మంలో నిలబడింది. తాత మణికట్టు పట్టుకున్నాను. ఏళ్ళ తరబడి తాళ్ళు లాగిన చెయ్యి, చెక్కలా ఉంది. నాడి దొరకలేదు. నా వేళ్ళు వణుకుతున్నాయి కాబట్టి దొరకలేదని ఇప్పుడు తెలుసు. ముక్కు దగ్గర వేలు పెట్టేను. గాలి లేదు. అప్పుడు స్టెతస్కోపు గుండెకి ఆనించేను. నిశ్శబ్దం. కాస్త పక్కకి జరిపేను. అక్కడా నిశ్శబ్దమే. అమ్మ గుండె, నాన్న గుండె, మేక గుండె అంత చక్కగా వినిపించిన గొట్టంలో ఏ చప్పుడూ లేదు.

"ఏటైనాది బాబూ?" అంది పోలమ్మత్త.

నేను స్టెతస్కోపు మెల్లిగా చెవుల్లోంచి తీసేను. తల దించేను. ఇది చెయ్యమని ఎవరూ నేర్పలేదు, నాకే తోచింది.

"తాత పోయాడత్తా."

ఆవిడ పెట్టిన కేక ఒడ్డుదాకా వినిపించింది. అప్పటికే పడవలు సగం నీళ్ళలో ఉన్నాయి. మా పేటలో ఒక కట్టుబాటుంది. ఊళ్ళో శవం ఉండగా పడవ నీళ్ళలో దిగదు. బంగారు చేపలొచ్చినా సరే, చనిపోయినవాణ్ణి సాగనంపేకే వేట. ఊరి పెద్ద దానయ్య పెదనాన్న తడి పంచెతో పరిగెత్తుకొచ్చి నా భుజం పట్టుకున్నాడు.

"నిజవేనా? బాగా సూసినావా?"

"చూసేను పెదనాన్నా."

"మళ్ళీ ఓపాలి సూడు నాయనా. మంద ఎదురుగుండా ఉంది."

ఇక్కడ నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "శవమేదో, మనిషేదో నాకు తెలీదా పెదనాన్నా? ఏడాదిగా నేను చూస్తున్నవి శవాలే కదా."

పెదనాన్న సముద్రం వైపు చూసేడు. నా వైపు చూసేడు. తలపాగా విప్పి ఒడ్డు వైపు ఊపేడు. పడవలన్నీ వెనక్కి లాగేసేరు. ఒక్కడూ సణగలేదు. పిల్లలు ఆకలితో ఉన్న ఇళ్ళవాళ్ళు కూడా వలలు దించేసి, తలలమీద తువ్వాళ్ళు తీసేసి, తాత వాకిట్లో వచ్చి కూర్చున్నారు. ఎంత గొప్ప ఊరు మాది అనుకున్నాను. గొప్ప ఊరే. ఆ గొప్పదనం ఖర్చు పెట్టించినవాణ్ణి నేను.

ఇక ఏడుపులు మొదలయ్యేయి. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. తాత కళ్ళు ఆ పూట చేటంత అయిపోయేయి. "మాట పడేవోడు కాదు, మాట అనేవోడు కాదు" అని ఒకావిడ రాగం తీసింది. ముందురోజు సాయంత్రమే ఆవిడ కోళ్ళని తాత బండబూతులు తిట్టడం నేను చెవులారా విన్నాను. పోలమ్మత్త అయితే "నిన్ను ఏటకి ఎల్లనిచ్చినా బాగుండును మావా" అని తల బాదుకుంది. ఆ మాటకి తాత కాలి బొటనవేలు ఆడింది.

అమ్మ చూసింది. "ఒరే, ఏలు ఆడినాదిరా."

"శవాలకి అలా ఆడుతుందమ్మా."

"కంటి రెప్ప కూడా ఆడతంది."

"కండరాలు బిగుసుకునే ముందు అలాగే ఉంటుంది. మా పుస్తకంలో ఉంది."

ఏ పుస్తకంలో, ఏ పేజీలో అని మాత్రం అడక్కండి. అమ్మ నా మొహంలోకి అనుమానంగా చూసి, చదువుకున్నవాడు కదా అని ఊరుకుంది. ఆ ఊరుకోవడం నా రెండో ఫిర్యాదు. కన్నతల్లి ఇంకొంచెం గట్టిగా అడగాలా వద్దా?

తాతకి ఆఖరి స్నానానికి నీళ్ళు కాగుతున్నాయి. ఇంతలో ఒడ్డుకి కాపలా ఉన్న మనిషి ఒగురుస్తూ వచ్చేడు.

"పెద్దా, పక్క పేటోళ్ళ పడవలు వచ్చీసినాయి. మన కళ్ళముందరే మందని సుట్టీసి ఒట్టుకుపోతన్నారు."

వాకిట్లో అందరూ దానయ్య పెదనాన్న వైపు చూసేరు. అప్పుడు శవం లేచి కూర్చుంది.

"సూత్తా కూకున్నారేట్రా ఎదవల్లారా? వలలెత్తండి."

ఆ మాటకి పోలమ్మత్త వెనక్కి పడింది. రాగం తీసే ఆవిడ రాగం మధ్యలోనే దూకి పారిపోయింది. నేను? నేను అక్కడే గోడకి అతుక్కుపోయేను.

భయం నుంచి తేరుకుని మగాళ్ళు పడవలు దించేసరికి ఏముంది? మంద పోయింది, పక్షులు పోయేయి. ఎండెక్కే వేళకి ఖాళీ వలలతో వెనక్కొచ్చేరు. అందరూ కలిసి తిన్నగా నా దగ్గరికే వచ్చేరు.

"సచ్చిపోనాడన్నావు కదరా?" అన్నాడు దానయ్య పెదనాన్న. అరవలేదు. అరిచినా బాగుండేది.

నాకు ఎక్కడలేని కోపమూ తాత మీదికి మళ్ళింది. "నువ్వు పలక్కుండా ఎందుకు పడుకున్నావు తాతా? ఊపిరెందుకు బిగబట్టేవు?"

"అలిగినాను. నా ఊపిరి నా ఇష్టం."

"సరే, అలిగేవు. నేను నువ్వు పోయావని చెప్పినప్పుడైనా లేవొచ్చు కదా?"

తాత గంజి గిన్నె పక్కన పెట్టి, నా కేసి ఎంతో న్యాయంగా చూసేడు. "సదువుకున్నోడివి. నువ్వే సచ్చిపోనానంతే, అవునేమో అనుకున్నాన్రా. నాకేటి తెలుసు? ముందెప్పుడైనా సచ్చినానేటి?"

దీనికి ఊరంతా అవునని తలూపింది. న్యాయమంతా తాత వైపే ఉందట. ఉక్రోషం పట్టలేక స్టెతస్కోపు నా గుండెకే ఆనించుకున్నాను. నిశ్శబ్దం. నా లెక్క ప్రకారం నేనూ పోయేను. గుండెకి ఆనించే బిళ్ళమీద వేలితో కొట్టేను. చప్పుడు లేదు.

"అదా?" అంది అమ్మ. "రేత్రి కొయ్యమీద సూత్తే ఆ బిళ్ళ వదులుగా తిరిగిపోతంది. ఊడిపోద్దేమోనని గట్టిగా తిప్పి బిగించీసినాను."

స్టెతస్కోపు బిళ్ళకి రెండు ముఖాలుంటాయి. ఇటు తిప్పితే ఇటు వినిపిస్తుంది, అటు తిప్పితే అటు. అమ్మ దాన్ని పచ్చడి జాడీ మూత అనుకుంది. నేను మూసిన వైపు పెట్టి విన్నాను. గుండెకి ఆనించే ముందు ఒకసారి వేలితో తట్టి చూసుకోవాలని మాకు వార్డులో మొదటిరోజే చెప్తారు. ఆ మొదటిరోజు నా సెలవులయ్యేక వచ్చింది. ఇది నా మూడో ఫిర్యాదు, అన్నిటికన్నా పెద్దది. ఏడాదంతా నాకు నేర్పింది చావు ఒక్కటే. ఆ ఒక్కటీ నేను తప్పేను.

ఆ రాత్రి మా వీధిలో ఏ ఇంట్లోనూ చేపలపులుసు వాసన లేదు. పొరుగింట్లో పిల్ల కూర కావాలని ఏడుస్తూంటే వాళ్ళమ్మ జోకొడుతోంది. నేను దుప్పటి ముసుగేసుకుని విన్నాను. సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది. నిజం చెప్పొద్దూ, సిగ్గే ఎక్కువ. కానీ అది పైకి చెప్తే ఊరు ఇంకా నెత్తికెక్కేస్తుందని కోపమే చూపించేను.

వెయ్యి మందిని చంపితే అరవైద్యుడంటారు. నేను ఒక్కణ్ణే చంపి, వాడూ లేచి కూర్చున్నా, ఎలాగో పూర్తి వైద్యుణ్ణే అయ్యేను. టెక్కలిలో ప్రాక్టీసు పెట్టేను. తాత ఆ తర్వాత పదేళ్ళ పైచిలుకు బతికేడు. జ్వరమొచ్చినా దగ్గొచ్చినా నాకే కబురు. వెళ్ళి మందు రాస్తే చీటీ పక్కన పడేసేవాడు.

"మందులెందుకురా? సచ్చిపోనానన్న ఆ మాట ఓపాలి అను. ఇంకో పదేళ్ళు లాగెత్తాను."

నాకు ఒళ్ళు మండేది. అనేవాణ్ణి కాదు.

చివరికి ఒక తెల్లవారుజామున నిజంగానే కబురొచ్చింది. మోటారుసైకిలు మీద పరుగున వెళ్ళేను. బిళ్ళ తట్టి చూసుకుని, రెండు ముఖాలూ తిప్పి విన్నాను. మెడ దగ్గర నాడి చూసేను. టార్చి వేసి కళ్ళు చూసేను. "తాతా, అలిగేవా?" అని చెవిలో అడిగేను కూడా. పోలమ్మత్త చెప్పింది, అలగలేదట. రాత్రి కడుపునిండా తిని పడుకున్నాడట.

బయటికొచ్చేను. ఒడ్డున పడవలు సిద్ధంగా ఉన్నాయి. వేటకి మంచి పొద్దు.

"తాత పోయాడు పెదనాన్నా" అన్నాను.

దానయ్య పెదనాన్న నన్ను ఎగాదిగా చూసేడు. తలపాగా విప్పలేదు. ఒడ్డు వైపు తిరిగి గొంతెత్తి చెప్పేడు.

"డాట్రుబాబు పోనాడన్నాడు. ఇంకేటి బెంగ? పడవలు దించండి."

దించేసేరు. నేను డిగ్రీ చెప్పేను, అనుభవం చెప్పేను, మొత్తుకున్నాను. ఒక్కడూ వెనక్కి తిరగలేదు. శవం ఉండగా మా పేటలో పడవ నీళ్ళలో దిగిన పూట అదొక్కటే. మధ్యాహ్నానికి పడవలు నిండుగా తిరిగొచ్చేయి. వాకిట్లో కానాగంతలు గుట్టలు పోసేరు. ఆ వాసనకి కూడా తాత లేవలేదు. లేస్తాడేమోనని నేను కూడా పక్కనే కూర్చుని చూస్తూనే ఉన్నాను. నా చదువు తప్పైతే బాగుండునని అనుకోవడం అదే మొదలు, అదే ఆఖరు.

కాబట్టి సముద్రం సాక్షిగా, అమ్మ బిగించిన ఆ బిళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ తీరంలో ఎవరు కళ్ళు మూసినా పోయాడనే మాట నా నోట రాదు. కావలిస్తే వేరే డాక్టర్ని పిలుచుకోండి. నేను మాత్రం తల దించుకుని, "ఎవరిమీదైనా అలిగేడేమో, ముందు అది కనుక్కోండి" అని చెప్పి వెళ్ళిపోతాను.